అటెస్టేషన్ ఫారం వచ్చింది, మేత డీలర్ దగ్గర తమ్ముడి చెక్కులున్నాయి. అప్పులు ఉద్యోగానికి అడ్డమా?

కాలవగట్టు:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం పక్కన. తమ్ముడు కేంద్ర హోంశాఖ కింద ఒక ఉద్యోగానికి ఎంపికయ్యాడు, రహస్య ఫైళ్ళు చేతుల మీదుగా నడిచే పని. అటెస్టేషన్ ఫారం (చేరేముందు మన పూర్వ వివరాలు, కేసులు అడిగే కాగితం) వచ్చింది, రెండు వారాల్లో పంపాలి. అప్పుల లెక్క ఇదీ. వాడి పేరున చదువు లోను, నాలుగు కిస్తీలు తప్పాయి. ఫోన్ యాప్‌లో తీసుకున్న 60,000, ఆటో డెబిట్ రెండుసార్లు బౌన్సయింది. నాన్న రొయ్యల చెరువుకి మేత డీలర్ దగ్గర 7 లక్షల బాకీ, దానికి పూచీగా తమ్ముడి ఖాతా చెక్కులు రెండు సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చాం. సొసైటీలో నాన్న పంట రుణం కూడా గడువు దాటింది. ఫారంలో అప్పులు అడిగే కాలమ్ లేదు. చెప్పాలా, ఊరుకోవాలా?

ప్లీడరు గుమాస్తా:
ముందు ఆ రెండు చెక్కుల సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. అప్పుండడం నేరం కాదు. చెక్కు తిరిగొస్తే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు. రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. బాకీ నాన్నగారిదే కావచ్చు, సంతకం తమ్ముడిది కాబట్టి కేసు తమ్ముడి మీదే పడుతుంది. "మేం ఖాళీగా ఇచ్చాం, అంకె వాళ్ళు వేసుకున్నారు" అన్న వాదన ఒక్కటే నిలబడదు. సంతకం ఒప్పుకుంటే బాకీకి ఇచ్చిన చెక్కుగానే ఊహిస్తారని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. చెక్కుకి డబ్బివ్వొద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన తప్పించుకోలేరు.

చెక్కు తిరిగొచ్చాక అవతలివాళ్ళు 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది అందాక డబ్బు కట్టడానికి మీకు 15 రోజులు. కట్టకపోతే ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు. సరైన చిరునామాకి పోస్టులో వచ్చిన నోటీసు తీసుకోకుండా తిప్పి పంపినా అందినట్టే లెక్క.

కుర్రాళ్ళు దెబ్బతినేది ఎక్కడంటే, 138 కేసు ప్రైవేటు కంప్లయింటు. నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో పడుతుంది, స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ ఉండదు. పోలీసు రికార్డులో లేదు కదా అని ఫారంలో "కోర్టులో కేసు పెండింగ్‌లో ఉందా" అన్నచోట లేదని రాసేస్తారు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్లో పేరు కొడితే బయటపడుతుంది. సమన్లకి వెళ్ళకపోతే నాన్ బెయిలబుల్ వారంటు దాకా రావచ్చు, దాని మీద అరెస్టయితే "అరెస్టయ్యారా" అన్న కాలమ్ కూడా నింపాలి. కాబట్టి ఫారం నింపేముందు మీరే ఆ సైట్లో తమ్ముడి పేరు, సంవత్సరం కొట్టి భీమవరం, నరసాపురం కోర్టులు రెండూ చూడండి.

డీలర్ దగ్గరికి మేత బిల్లులన్నీ పట్టుకెళ్ళి ఖాతా సరిచూసుకోండి. నగదు రేటుకీ అరువు రేటుకీ తేడా ఉంటుంది, బేరం అక్కడే. 7 లక్షలూ ఒకేసారి కట్టలేకపోతే నాన్నగారి ప్రామిసరీ నోటూ నాన్నగారి చెక్కులూ ఇచ్చి తమ్ముడివి వెనక్కి తీసుకోండి. చెక్కు నంబర్లు వేసి, తిరిగి ఇచ్చినట్టు కాగితం రాయించుకోండి. కొంత కడితే నోటు వెనక చెల్లు వేయించడం మంచిదే గానీ, ఆ చెల్లు తేదీ నుంచి నోటు మీద దావా వేయడానికి మళ్ళీ మూడేళ్ళ కాలపరిమితి మొదలవుతుందని గుర్తుంచుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే 7 లక్షలకి నెలకి 14,000. ఆలోచించి ఎంతో కొంత అసలు తగ్గించండి.

రూల్సు పుస్తకం:
గుమాస్తాగారు చెప్పినదానికి సర్వీసు వైపు నుంచి కొంచెం. అప్పు గురించి ఫారంలో అడగకపోయినా ఉద్యోగంలో చేరాక అడుగుతారు. సెంట్రల్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాలు, 1964లో 17వ నియమం ప్రకారం ఉద్యోగి అలవాటుగా అప్పుల్లో ఉండకూడదు. బాకీ వసూలుకి దావా పడితే ఆ వివరాలు వెంటనే శాఖకి తెలపాలి. 18వ నియమం కింద రెండు నెలల బేసిక్ పే మించిన అప్పు తీసుకున్నా ఇచ్చినా నెల లోపు తెలియజేయాలి. మన వైపు వాళ్ళకి అసలు చిక్కు వడ్డీకి అప్పివ్వకూడదనే 16వ నియమంతో. జీతం రాగానే ఊళ్ళో వడ్డీకి తిప్పే అలవాటుంటే అక్కడే ఆపేయాలండి.

రహస్య పనికి అప్పెందుకు చూస్తారంటే, డబ్బు కటకటలో ఉన్నవాణ్ణి లొంగదీయడం తేలిక. అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో పనిచేసే ఆల్డ్రిచ్ ఏమ్స్ విడాకుల అప్పుల్లో ఉండి 1985లో రహస్యాలు అమ్మడానికి సోవియట్ ఎంబసీకి వెళ్ళాడు, మొదట ముట్టింది 50,000 డాలర్లు. 1994లో దొరికాడు. రహస్య పనులకి అక్కడ నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం అప్పులూ పన్ను బకాయిలూ విడిగా అడుగుతుంది. యూట్యూబులో ఆ వీడియోలు చూసి మన ఫారం గురించి కంగారు పడకండి, రెండూ వేరు.

కేసంటూ ఉంటే దాచొద్దు. 2016 అవతార్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు, చిన్న కేసు నిజాయితీగా చెబితే యాజమాన్యం తన విచక్షణతో ఉద్యోగం ఇవ్వొచ్చంది. దాస్తే ఆ దాచడమే తీసేయడానికి కారణం కావచ్చు.

కౌంటర్ నంబర్ 3:
చదువు లోను: బకాయి 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. నాలుగు కిస్తీలంటే ఆ గీత దాటేసినట్టే. తప్పిన కిస్తీల బకాయి మొత్తం కడితేనే ఖాతా మళ్ళీ మామూలు వర్గంలోకి వస్తుంది, ఒకటి రెండు కిస్తీలు కడితే రాదు.

యాప్ అప్పు: ఆటో డెబిట్ బౌన్సుకీ చెక్కు బౌన్సులాంటి శిక్షే ఉంది, పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 2007, 25వ సెక్షన్. చిన్న మొత్తమని వదిలేయకండి.

నాన్నగారి సొసైటీ అప్పు తమ్ముడు పూచీదారుగా సంతకం పెట్టి ఉంటే తప్ప తమ్ముడి క్రెడిట్ రిపోర్టులోకి (అప్పుల చరిత్ర చూపే కాగితం) రాదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. నాలుగూ తీయండి, ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. తప్పుంటే ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం రావాలి.

బ్యాంకు ఉద్యోగాలకైతే కథ వేరు. అప్పు ఎగ్గొట్టిన చరిత్ర ఉంటే స్టేట్ బ్యాంకు నోటిఫికేషన్లోనే అనర్హత. నోటిఫికేషన్‌కి ముందే బాకీలన్నీ తీర్చేశానన్న అభ్యర్థికి కూడా 2025లో మద్రాసు హైకోర్టులో ఊరట దొరకలేదు, పాత చరిత్రే చూశారు.

కాలవగట్టు:
చాలా థాంక్సండి. ఈ-కోర్ట్స్‌లో ఇప్పటికి ఏమీ లేదు. యాప్ వాళ్ళు 35,000కి సెటిల్ చేసుకోమంటున్నారు, కట్టేయమంటారా?

కౌంటర్ నంబర్ 3:
వద్దు. తగ్గించి కడితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. మొత్తం కట్టి "క్లోజ్డ్" అనిపించుకోండి. బాకీ ఏమీ లేదన్న ఎన్‌ఓసీ మెయిల్లో తీసుకోండి, వాట్సాప్ మెసేజి చాలదు. ఆటో డెబిట్ మ్యాండేట్ కూడా రద్దు చేయించండి.

ప్లీడరు గుమాస్తా:
ఇంకొకటి. ఫారం పంపాక, చేరేలోపు సమన్లు వస్తే ఆగకండి. కేసు నంబరు, కోర్టు పేరు, సమన్ల కాపీతో ఫారం పంపిన ఆఫీసుకే స్పీడ్‌పోస్టులో రాసి రసీదు దాచండి.