డ్రోన్ కెమెరా మీదే బతకొచ్చా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

గోదారిగట్టు:
నమస్తే అండి. మాది తణుకు, నాకు 26. నాలుగేళ్ళుగా మా మావయ్య స్టూడియోలో పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఈమధ్య వచ్చిన ప్రతి పార్టీ ముందు "డ్రోన్ ఉందా" అనే అడుగుతోంది, లేదంటే పక్క స్టూడియోకి పోతున్నారు. చేతిలో లక్షన్నర ఉంది, ఒకటి కొనేసి ఇక దాని మీదే పడదామని నా ఆలోచన, మావయ్యేమో ఈ సీజన్ గడవనీరా అంటాడు. లైసెన్స్ నిజంగా కావాలా, లేక అందరిలా ఎగరేసుకోవడమేనా? సంసారం నడిచేంత వస్తుందా?

పాతకెమెరా:
పెళ్ళిళ్ళ డ్రోన్ మీదే సంసారమంటే కష్టం తమ్ముడూ. మూడేళ్ళ కిందట పూటకి 8 వేలు తీసుకున్నాను, ఇప్పుడు 5 అంటేనే బేరమాడుతున్నారు, వీధికో డ్రోన్ వచ్చింది మరి. ఆషాఢం, మూఢం వస్తే అదీ లేదు. అసలు పెళ్ళిలో దాని పనెంతసేపు? ఊరేగింపు, మండపం పైనుంచి ఒక రౌండు, అంతే.

నా మొదటి డ్రోన్ గోదారి అడుగున ఉంది. పాపికొండల దగ్గర ప్రీ వెడ్డింగ్, నడుస్తున్న బోటు మీంచే లేపాను. బ్యాటరీ తగ్గేసరికి అది బుద్ధిగా లేచిన చోటికే తిరిగెళ్ళింది, బోటు మాత్రం అప్పటికి కిలోమీటరు అవతలుంది. హోమ్ పాయింట్, అంటే అది తిరిగొచ్చే చోటు, మార్చుకుంటూ ఉండాలని మాన్యువల్లో ఉందట, చదివిందెవరు! స్క్రీన్‌లో నీళ్ళు దగ్గరికొస్తున్నాయి, పక్కన పెళ్ళికూతురు "అన్నా, షాట్ బాగా వచ్చిందా" అంటోంది.

సర్వేరాయి:
లైసెన్స్ సంగతి నేను చెప్తా. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల్లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటి, డబ్బులు తీసుకుని తీస్తున్నావంటే కావాలి. 18 నిండి పదో తరగతి పాసైతే చాలు, డీజీసీఏ (విమానాల సంగతి చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న చోట నేర్చుకోవాలి. నాది 5 రోజుల కోర్సు, సర్టిఫికెట్ 10 ఏళ్ళు పనికొస్తుంది. ఇంకోటి, 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశారు, బిల్లు లేకుండా చవగ్గా వస్తుందని ఏదో ఒకటి కొన్నావనుకో, రేపు ఎవరైనా కాగితాలు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. జరిమానా లక్ష దాకా వేయొచ్చు. ఎగరేసేముందు డిజిటల్ స్కై అని ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది, ఎక్కడ ఎగరేయొచ్చో అందులో మ్యాప్ చూడు, గ్రీన్ జోన్‌లో మామూలుగా 400 అడుగుల దాకా పర్మిషన్ అక్కర్లేదు, ఎల్లో అయితే ఏటీసీ వాళ్ళని, అంటే విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ టవర్ వాళ్ళని, అడగాలి.

నేనూ పెళ్ళిళ్ళ నుంచే వచ్చాను, ఇప్పుడు సర్వే పని. ఇక్కడ ఫొటో అందం ఎవడికీ అక్కర్లేదు. పొద్దున్నే పొలంలో సున్నంతో ప్లస్ గుర్తులు వేసి, ఒక్కో దాని మీద జీపీఎస్ కర్ర నిలబెట్టి రీడింగ్ తీసుకోవాలి, తర్వాత ఒక ఫొటో మీద ఇంకోటి 75, 80 శాతం కలిసేలా వరసలుగా ఎగరేయాలి. సాయంత్రానికి వెయ్యి ఫొటోలు, రాత్రంతా వాటిని కుట్టి ఒక్క మ్యాప్ చేయడం. చూడ్డానికి పరమ బోర్, కానీ ఆషాఢంలోనూ పని ఉంటుంది. లేఅవుట్ల వాళ్ళు నెలనెలా తీయిస్తారు, సోలార్ ప్లాంట్లలో పాడైన ప్యానెల్ పట్టడానికి థర్మల్ కెమెరా (వేడిని చూపించేది) అడుగుతారు. స్వామిత్వ పథకం కింద ఊళ్ళ ఇళ్ళస్థలాలు కొలిచింది కూడా డ్రోన్లతోనే. నన్నడిగితే ముందు శిక్షణకి పెట్టు, డ్రోన్ అద్దెకి తీసుకో, మంచి కంప్యూటర్ కొను.

కొబ్బరాకు:
గద్దల సంగతి ఎవరూ చెప్పలేదేం బ్రో? మా అమలాపురం వైపు అవే అసలు ఏటీసీ. వెంటపడితే పక్కకి కాదు, నిట్టనిలువుగా పైకి లేపు, గద్ద అంత వేగంగా నిలువునా ఎగరలేదు.

గోదారిగట్టు:
థాంక్స్ అండి అందరికీ. సర్వేరాయి అన్నా, ఆ కుట్టే సాఫ్ట్‌వేర్‌కి నా 8 జీబీ ల్యాప్‌టాప్ సరిపోతుందా? పాతకెమెరా అన్నా, ఆ ప్రీ వెడ్డింగ్ డబ్బులు ఇచ్చారా మరి?

సర్వేరాయి:
8 జీబీ చాలదు, 32 పెట్టించు.

పాతకెమెరా:
నేనే తిరిగిచ్చేశాను. మెమరీ కార్డు కూడా దాంతోనే పోయింది కదా. పెళ్ళి మాత్రం నాతోనే తీయించారు, డ్రోన్ లేకుండా.