కష్టకాలంలో బైబిల్ స్టడీ కూడిక: మీ అనుభవాలు చెప్పండి

భీమవరం_సోదరి:
అందరికీ వందనాలు. మాది రొయ్యల చెరువు. తెల్లమచ్చ తెగులు వచ్చి పంట మొత్తం పోయింది, మేతకి తెచ్చిన అప్పు మిగిలింది. మా వీధి కూడికకి వెళ్తే "దాచిన పాపం ఏదో ఉంటుంది, ఒప్పుకో" అన్నారు. "విశ్వాసం ఉంటే ఇలా జరగదు" అన్నవాళ్లూ ఉన్నారు. అప్పట్నుంచి వెళ్లబుద్ధి కావడం లేదు. ఇంట్లో ఒక్కదాన్నే చదువుకుంటుంటే వాక్యం మనసులో నిలవడం లేదు. కష్టంలో పదిమందితో కలిసి చదివి బలపడినవాళ్లు ఉంటే, ఏం చదివారో, ఎలా చదివారో చెప్పండి.

గుంటూరు_అక్క:
చెల్లీ, నీకు అలా చెప్పినవాళ్లు యోబు గ్రంథం చివరిదాకా చదివి ఉండరు. ఏ తప్పూ చేయకుండానే ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం పోగొట్టుకున్నవాడు యోబు. అతని స్నేహితులూ ఇదే మాట తిప్పి తిప్పి అన్నారు. 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. వాళ్ల కోసం ప్రార్థన చేయాల్సి వచ్చింది కూడా యోబే.

మా వారు చనిపోయిన ఏడాది మా స్త్రీల కూడికలో ఈ గ్రంథమే తీసుకున్నాం. మామూలుగా మొదటి రెండు అధ్యాయాలు చదివి, చివర అంతా రెండింతలు వచ్చిందని చెప్పి ముగించేస్తారు. మేము మధ్యలోవి వదల్లేదు. 3వ అధ్యాయంలో యోబు తాను పుట్టిన రోజుని శపించుకుంటాడు కదా, అది నేనే పైకి చదివాను. చదువుతూ ఏడ్చేశాను. "ఏడవకూడదు సిస్టర్" అని ఎవరూ అనలేదు. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని మిగతా వచనాలు తను చదివింది. దేవుడితో ఇలా కూడా మాట్లాడవచ్చని నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు నా ప్రార్థనలో అన్నీ నేర్చుకున్న మాటలే ఉండేవి. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడం వచ్చింది.

ఆ స్నేహితులు ఒక మంచి పని చేశారు. మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నారు, ఒక్క మాటా అనలేదు. మా కూడికలో ఇప్పుడు అదే పద్ధతి. ఎవరైనా కష్టం చెప్పుకున్న రోజు సలహాలు ఉండవు.

కువైట్_కోనసీమ:
ఇక్కడ సెలవు శుక్రవారం, కాబట్టి ఆరాధనా శుక్రవారమే. ఇళ్లల్లో పనిచేసే అక్కలందరికీ ఆ సెలవు దొరకదు. అందుకని రాత్రి పనయ్యాక ఫోన్‌లో గ్రూప్ కాల్ పెట్టుకుంటాం. ఫిలిప్పీయుల పత్రిక చదివాం, నాలుగే అధ్యాయాలు. అపొస్తలుడు పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాశాడని అందరికీ తెలుసు. కానీ పిల్లల్ని ఊళ్లో వదిలి, గడప దాటడానికి వీల్లేని ఇంట్లో ఉన్నావిడ "ప్రభువునందు ఆనందించుడి" అని పలికితే ఆ మాట బరువే వేరు. మాలో ఒకావిడకి చదువు రాదు. ఆడియో బైబిల్ విని కంఠతా చెప్తుంది. ప్రశ్నలు ఎక్కువ అడిగేది ఆవిడే.

ఒంగోలు_బ్రదర్:
ఒక మాట సిస్టర్స్. ఎప్పుడూ ఏడుపు వాక్యాలే చదివితే విశ్వాసం కుంగిపోదా? శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని రోమా 5లో ఉంది. ధైర్యమిచ్చేది అది.

గుంటూరు_అక్క:
నాకూ ప్రాణమే ఆ వాక్యం బ్రదర్. కానీ అది శ్రమపడ్డవాడు రాసిన మాట. తన శరీరంలో ముల్లు తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, ముల్లు పోయిందని మాత్రం ఎక్కడా లేదు. ఆ వాక్యం నా నోటికి రావడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ నా పక్కన కూర్చున్నవాళ్ల వల్లే వచ్చింది. మొదటి వారమే ఎవరైనా నాకు చెప్పి ఉంటే మళ్లీ వెళ్లేదాన్ని కాదు.

ఖమ్మం_టీచర్:
కీర్తనలతో మొదలుపెట్టండమ్మా. 13వ కీర్తన ఆరే వచనాలు. "ఎన్నాళ్లు" అన్న ప్రశ్నతో మొదలై పాటతో ముగుస్తుంది. 88వది చీకటితోనే ముగుస్తుంది. మేము రెండూ ఒకే వారం చదివాం. పాట ఇంకా రాని వాళ్లు ఆ రోజే నోరు విప్పారు.

ఇంకోటి, కూడికలో చెప్పుకున్నది వీధిలోకి పోకూడదు. మా దగ్గర అలా పోయి ఒక కుటుంబం రావడమే మానేసింది. ప్రార్థన విన్నపాలు వాట్సాప్‌లో పెట్టడం అప్పుడే ఆపేశాం. నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే ప్రార్థన చేస్తూనే డాక్టర్ని కూడా కలవండి.

భీమవరం_సోదరి:
అందరికీ వందనాలు. ఆ కూడికకి ఇప్పుడే వెళ్లలేను. మా వదిన, పక్కింటి ఆంటీ, నేను కలిసి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే 13వ కీర్తనతో మొదలుపెడుతున్నాం. మా ఆయన అరుగు మీద కూర్చుని వింటానన్నారు. అక్కా, యోబు వారానికి ఎన్ని అధ్యాయాలు చదివారు?

గుంటూరు_అక్క:
ఒకటే చెల్లీ, పెద్దదైతే సగమే. 32లో ఎలీహు అని ఇంకొకతను వాదించడానికి వచ్చేసరికి అందరికీ అలసట వస్తుంది. అక్కడ ఆపకండి, 38లో దేవుడు యోబుకి జవాబిస్తాడు.