కొత్తపట్నం బీచ్‌లో సముద్ర తాబేళ్ల బోర్డులు: సీఎస్ఆర్ డబ్బు, కంపెనీ లోగో

ఒంగోలు_కుర్రోడు:
కొత్తపట్నం, పాకల బీచ్‌ల దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ల గురించి నాలుగు బోర్డులు పెట్టాలని మా సొసైటీ ఆలోచన. ఒక రొయ్యల కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) కింద డబ్బు ఇస్తామంటోంది. కాకపోతే సగం బోర్డు వాళ్ల లోగోకే కావాలట, రాత్రిపూట కనపడేలా లైట్లు కూడా పెట్టాలట. ఇది కుదురుతుందా? ఉప్పుగాలికి ఏ బోర్డు నిలుస్తుంది?

లెక్కల_మాస్టారు:
సగం బోర్డు లోగో అయితే అది ప్రకటనే. సరుకు ప్రచారం కోసం స్పాన్సర్ చేసేవి సీఎస్ఆర్ ఖర్చు కిందికి రావని నిబంధనల్లోనే ఉంది. ప్రకటనే కావాలనుకుంటే ప్రచార బడ్జెట్‌లోంచి ఇవ్వమనండి, తప్పేం లేదు.

సీఎస్ఆర్ అయితే కంపెనీల చట్టం 7వ షెడ్యూల్లో పర్యావరణం, జంతుజాలం రక్షణ కింద వస్తుంది. మీ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు, ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. చిన్న సొసైటీలు ఆగిపోయేది ఇక్కడే. ఆ డబ్బుతో పెట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు కాబట్టి బోర్డుల్ని పంచాయతీకి అప్పగిస్తున్నట్టు కాగితం రాసుకోండి. లోగో కింది పట్టీలో, ఎత్తులో పదో వంతు మించకుండా చాలు.

అసలు పేచీ రాతల దగ్గర వస్తుంది. ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక తాబేళ్లు చస్తాయని, వలకు టెడ్ (తాబేలు బయటపడే దారి ఉన్న చట్రం) బిగిస్తే తప్పించుకుపోతాయని చిత్తుప్రతిలో ఉంటుంది, ఫైనల్లో మాయమవుతుంది. చెరువు రొయ్యల వాళ్లకు ఇబ్బంది లేదు, సముద్రపు రొయ్యలు కొనేవాళ్లకే గుచ్చుకుంటుంది. బోర్డు మీద ఏం రాయాలో ఖరారు చేసేది అటవీశాఖేనని డబ్బు తీసుకోకముందే ఒప్పందంలో పెట్టండి.

బోర్డుల_బాషా:
లైట్లు వద్దే వద్దండి. తాబేలు పిల్లలు రాత్రిళ్లు బయటికొచ్చి వెలుతురు వైపు నడుస్తాయి. సముద్రానికి పోవాల్సినవి బోర్డు కిందికొచ్చి చేరతాయి.

ఫ్లెక్స్ గాలికి చిరుగుతుంది. ఏసీపీ షీటు (ప్లాస్టిక్‌కు రెండు వైపులా అల్యూమినియం పొర ఉండేది) మీద వినైల్ ప్రింటు, పైన మ్యాట్ యూవీ లామినేషన్ వేయించండి. షీటు అంచులు సీలు చేయకపోతే తేమ దూరి పొరలు విడిపోతాయి. స్తంభాలకు వెల్డింగు, రంధ్రాలు అన్నీ అయ్యాకే హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేయించాలి. ముందు ముంచి తర్వాత వెల్డు చేస్తే అక్కడ పూత కాలిపోయి, తుప్పు సరిగ్గా ఆ అతుకు దగ్గరే మొదలవుతుంది. బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి, మధ్యలో నైలాన్ వాషరు. అది లేకపోతే ఉప్పు తేమకు స్టీలును తాకుతున్న షీటు అల్యూమినియం తుప్పుతో కొరుక్కుపోతుంది. ఆరడుగుల బోర్డుకు రెండు స్తంభాలు, ఇసుక నేలలో మూడడుగుల లోతు కాంక్రీటు. ఎండకు ముందు వెలిసేది ఎరుపే, అక్షరాలు నలుపులో పెట్టండి.

తీరం_నేస్తం:
ఫొటో సరిచూసుకోండి. నెట్‌లోంచి తీసినదాంట్లో తరచూ పచ్చ తాబేలు ఉంటుంది. డిప్ప నడిమి వరసకు అటూఇటూ ఉండే పెద్ద పలకలు లెక్కపెట్టండి. పక్కకు నాలుగే ఉంటే అది రిడ్లే కాదు. రిడ్లేకు ఆరో అంతకు మించో ఉంటాయి మామూలుగా. ఒక బోర్డు వలలు ఆరేసే చోట ఉండాలి, పర్యాటకులకే అన్నీ పెట్టి లాభం లేదు.

ఒంగోలు_కుర్రోడు:
సంతోషం అన్నా. పని ఏ నెలలో పెట్టుకోవాలి?

బోర్డుల_బాషా:
సెప్టెంబరులోపు ముగించండి. అక్టోబరు నుంచి తుపాన్లు, తేమకు వినైల్ పట్టదు. జనవరి వచ్చిందంటే గుడ్లు పెట్టే కాలం, అప్పుడు అక్కడ గుంతలు తవ్వకూడదు.