వ్యక్తిగతంగా వచ్చిన ప్రవచనాన్ని ఎలా పరీక్షించాలి?

వందనాలండీ. కువైట్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది, ఈ నెల 25లోగా జవాబు చెప్పాలి. ఉపవాస కూడికలో ఒక అక్క నా తలమీద చెయ్యి ఉంచి, "సముద్రం దాటొద్దంటున్నాడు ప్రభువు" అని దేవుని మాటగా ప్రవచించింది. ఉద్యోగం సంగతి ఆమెకు ముందే తెలుసు. అయినా ప్రార్థనాపరురాలు, తేలిగ్గా తీసుకోలేను.

బైబిల్లో 1 థెస్సలొనీకయులకు 5:20-21 ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దంటుంది, పరీక్షించమనీ అంటుంది. 1 యోహాను 4 చూశాను, అక్కడి పరీక్ష క్రీస్తును ఒప్పుకుంటున్నారా లేదా అన్నదానికి, ఇలాంటి సొంత నిర్ణయానికి కాదు. ద్వితీయోపదేశకాండము 18:22 ప్రకారం నెరవేరుతుందో లేదో చూద్దామంటే, వెళ్లకపోతే తేలేదెలా?

ఉపవాసముండి ప్రార్థించాను. పాస్టర్‌గారు "సమాధానం ఉన్నవైపు వెళ్లమ్మా" అన్నారు, అంటే మనశ్శాంతి ఉన్నవైపు. పొద్దున ప్రార్థనలో వెళ్లడానికే సమాధానం, రాత్రి ఆ మాట గుర్తొస్తే గుండెదడ.

వాక్యం సూటిగా చెప్పని ఇలాంటి విషయంలో, అది పరిశుద్ధాత్మ హెచ్చరికో నా భయమో మీరు దేన్నిబట్టి తేల్చుకున్నారు?