సైనికుడికి మనం బాకీ ఉన్నది సెల్యూటా, సంతకమా?

పల్నాటి పౌరుడు (చర్చ మొదలుపెట్టినవారు)
డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుగుతోంది. బడిలో పిల్లల చొక్కాకు చిన్న జెండా గుచ్చి, డబ్బాలో నాలుగు రూపాయలు వేయిస్తారు. నా ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. జవానుకు జీతం ఇస్తున్నాం, పెన్షన్ ఇస్తున్నాం. వానలో స్తంభమెక్కే లైన్‌మన్, మ్యాన్‌హోల్లో దిగే కార్మికుడు కూడా ప్రాణాలకు తెగించే పని చేస్తున్నారు. సైనికుడికి మాత్రమే ప్రత్యేకంగా ఎందుకు రుణపడి ఉండాలి?

గూడెం మాస్టారు
లైన్‌మన్‌కీ రుణపడదాం, అందులో తగువు లేదు. కానీ రెండూ ఒకటి కావండీ. లైన్‌మన్ రేపు రాజీనామా ఇవ్వొచ్చు, యూనియన్ పెట్టుకోవచ్చు, పేపర్ వాళ్లతో మాట్లాడొచ్చు. సైనికుడి ప్రాథమిక హక్కులను కుదించే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణమే పార్లమెంటుకు ఇచ్చింది. 1950 ఆర్మీ చట్టం ప్రకారం, యుద్ధ విధుల్లో ఉండగా పారిపోతే మరణశిక్ష దాకా పడొచ్చు. చావు ఎదురుగా ఉన్నా 'నేను వెళ్లను' అనే మాట అతని నోట రాకూడదు. ఆ మాటను మనందరి తరఫున వదులుకున్నాడు కాబట్టే మన మీద బాకీ ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లు తరతరాలుగా బిడ్డల్ని పంపుతున్నది జీతం కోసమే అంటే నేను ఒప్పుకోను.

మూసీ ఒడ్డు
మాస్టారూ, బాకీ ఉందనే అనుకుందాం. మరి తీర్చే తీరు ఒక్కలా ఎందుకు లేదు? 2020 జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అమరుడైతే తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 5 కోట్లు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వాల్సిందే. అదే ఘటనలో చనిపోయిన మిగతా 19 మందికి తలా 10 లక్షలు ప్రకటించింది. 2021 డిసెంబర్ హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ఇచ్చింది 50 లక్షలు. ఏ రాష్ట్రం వాడు, ఏ ర్యాంకు, ఆ వారం టీవీల్లో ఎంత నడిచింది అన్నదాన్ని బట్టి లెక్క మారకూడదు. ముందే ఒక జీవో (ప్రభుత్వ ఉత్తర్వు), ఒకే మొత్తం ఉండాలి.

నాలుగేళ్ల లెక్క
అసలు తేడా అగ్నివీర్‌లో, అంటే నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే పథకంలో ఉంది. 2022 జూన్ 14న ప్రకటించారు, మూడు రోజులకే నిరసనకారులు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలకు నిప్పు పెట్టారు. లెక్క ఇదీ: మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000. ప్రతి నెలా 30 శాతం కోత, దానికి సమానంగా ప్రభుత్వ వాటా. నాలుగేళ్లకు వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు చేతికిస్తారు, దాన్నే సేవానిధి అంటారు. 25 శాతం మందిదాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న గుర్తింపూ లేదు.

విధుల్లో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలం జీతం, సేవానిధి వస్తాయి. చేతికొచ్చే మొత్తం చిన్నది కాదు. కానీ శత్రువు కాల్పుల్లో రెగ్యులర్ జవాను పోతే భార్యకు ఆఖరి జీతమంత లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ బతికినంతకాలం వస్తుంది, డీఏ (కరువు భత్యం) పెరిగినప్పుడల్లా పెరుగుతుంది. అగ్నివీర్‌కు నాలుగేళ్లూ పెళ్లి కూడదు కాబట్టి మిగిలేది ముసలి తల్లిదండ్రులే. వాళ్లకు నెలనెలా వచ్చేది ఏమీ లేదు. 2025 మేలో సరిహద్దులో నేలకొరిగిన గోరంట్ల మండలం మురళీ నాయక్ అగ్నివీరే. ఒకే బంకర్లో, ఒకే తూటాకు రెండు ధరలు కడుతున్నాం.

పల్నాటి పౌరుడు
ఇది నాకు తెలియదు. అయితే పెన్షన్ ఉన్న కుటుంబాలకైనా సజావుగా అందుతోందా?

రికార్డ్స్ గుమస్తా
చాలాచోట్ల అందడం లేదు. కారణం మన ఇంటిపేరు. భర్తీ రోజున 'రావు కె' అని రాసుకుంటారు, ఆధార్‌లో 'కొల్లి కొండలరావు' అని ఉంటుంది. భార్య పేరు సర్వీసు కాగితాల్లో 'లక్ష్మి', ఆధార్‌లో 'వెంకటలక్ష్మి'. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. పోయాక రక్షణ శాఖ పెన్షన్లు చెల్లించే స్పర్శ్ పోర్టల్‌లో ఆమె దరఖాస్తు ఆగిపోతుంది. పెళ్లి, పిల్లల పుట్టుక యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్‌గా (సైనికుడి వివరాలు రికార్డుకెక్కించే ఉత్తర్వు) ప్రచురించాలి. అది లేకపోతే ఆర్మీ దృష్టిలో ఆ భార్యే లేదు.

చేయాల్సింది: పీపీవో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), డిశ్చార్జ్ బుక్ (సర్వీసు నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పుస్తకం), ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి పేర్లు, పుట్టిన తేదీలు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే అఫిడవిట్‌తో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు పంపాలి. ఆ ఆఫీసు ఆర్టిలరీకి (ఫిరంగి దళం) నాసిక్ రోడ్‌లో, మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్‌లో, ఈఎంఈకి (యంత్రాల మరమ్మతు విభాగం) సికింద్రాబాద్‌లో ఉంది. ఇది ఆయన బతికుండగా చేస్తే చాలా తేలిక.

ఇంకొకటి. స్పర్శ్‌కు మారినవాళ్లు ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామన్న ధ్రువపత్రం) ఇచ్చేటప్పుడు పెన్షన్ చెల్లించే సంస్థగా పాత అలవాటుతో బ్యాంకును ఎంచుకుంటున్నారు. అక్కడ 'స్పర్శ్ – పీసీడీఏ పెన్షన్స్' పెట్టాలి. లేకపోతే సర్టిఫికెట్ వేరే చోటికి పోతుంది, పెన్షన్ ఆగుతుంది. మీసేవలో వేలిముద్ర వేయించే కుర్రాడికి ఈ ఒక్క ముక్క తెలిస్తే ఎంతోమంది ముసలమ్మలకు తిప్పలు తప్పుతాయి.

మూసీ ఒడ్డు
భూమి సంగతి కూడా అంతే. మాజీ సైనికులకు ఇచ్చిన పట్టా భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993లోనే జీవో 1117 ఉంది. కానీ అడంగల్‌లో (ఊరి భూమి రికార్డు) ఉత్త 'డీ-పట్టా' (ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా) అని రాసుంటే పేదల అసైన్డ్ భూమి కింద లెక్కేసి, రిజిస్ట్రేషన్ చేయని 22-ఏ నిషేధిత జాబితాలో పడేస్తారు. అసైన్‌మెంట్ ఉత్తర్వు కాపీ, డిశ్చార్జ్ బుక్ కలెక్టరేట్‌లో పెట్టి, అది సైనికుడి కోటాలో వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది ఆ కుటుంబమే. ఇచ్చిన ప్రభుత్వం దగ్గరే ఆ ఫైలు ఉండాలి కదా?

గూడెం మాస్టారు
ఉండాలి. అలాగని సెల్యూట్ వద్దనకండి. పతాక దినోత్సవం నాడు జెండా గుచ్చిన చేత్తోనే హైస్కూలు పిల్లలతో ఊళ్లోని మాజీ సైనికుల ఇళ్లకు వెళ్లి, రికార్డ్స్ గుమస్తా గారు చెప్పిన మూడు కాగితాలు సరిచూపించవచ్చు. గుమస్తా గారూ, ఆ అఫిడవిట్ నమూనా తెలుగులో ఒకటి ఇక్కడ పెట్టగలరా?