స్ట్రెస్‌కు ‘ఒత్తిడి’ అంటే ఉక్కు ఒప్పుకుంటుందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను చెన్నై అంబత్తూరులో హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పనిచేస్తాను. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే డిప్లొమా పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నా. ఎర్రగా కాల్చిన గేరును నూనెలో ముంచితే ఎంత వంకర పోతుందో ముందే లెక్కగట్టే సిమ్యులేషన్ గురించి. "ఒత్తిడి ఉంటే మార్టెన్‌సైట్ ముందే మొదలవుతుంది" అని ఒక వాక్యం ఉంది (మార్టెన్‌సైట్ అంటే కాలిన ఉక్కు గబుక్కున చల్లారితే వచ్చే గట్టి రూపం). పక్క సీటు తమిళాయన, వాళ్ల పాఠ్యపుస్తకాల్లో స్ట్రెస్‌కు ‘తగైవు’ అని విడిగా మాట ఉందన్నారు. మనకు ఒత్తిడి సరిపోదా?

జవాబు: సరిపోదండీ. ఒత్తిడి అనగానే మన చెవికి నొక్కడమే వినిపిస్తుంది. తెలుగు అకాడమీ పుస్తకాల్లో స్ట్రెస్ (లాగినా, నొక్కినా, పక్కకు జరిపినా లోపల పుట్టే బలం) ప్రతిబలం, ప్రెజర్ పీడనం, స్ట్రెయిన్ వికృతి. మీ వాక్యానికి ఈ తేడా ప్రాణం.

ఎర్రగా కాలినప్పుడు ఉక్కు ఉండే రూపం ఆస్టెనైట్; దానికంటే మార్టెన్‌సైట్‌కు చోటు ఎక్కువ కావాలి, సుమారు 3-4 శాతం. అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కితే ఆ ఉబ్బుకు అడ్డం పడినట్టే. మార్పు మొదలయ్యే ఉష్ణోగ్రత కిందికి జారుతుంది, అంటే ఇంకా చల్లబడితే గాని మొదలవదు. అదే లాగితే పైకి పోతుంది. తమాషా ఏమిటంటే, ఒక్క దిక్కున నొక్కినా కొద్దిగా పైకే పోతుంది. పొరల్ని పక్కకు జరిపే బలం అందులోనూ ఉంటుంది, మార్టెన్‌సైట్ పుట్టేదే అలాంటి జరుగుడుతో కదా. పటేల్, కోహెన్ అనే పరిశోధకులు 1953లోనే దీన్ని లెక్కతో చూపించారు. కాబట్టి "పీడనం ఆలస్యం చేస్తుంది, ప్రతిబలం చాలాసార్లు ముందుకు తోస్తుంది" అని రాయాలి. ఒత్తిడి అనే ఒక్క మాటతో ఈ రెండూ చెప్పలేం.

మరొకరు: ప్రతిబలం అంటే పిల్లలు పారిపోతారు సార్. స్ట్రెస్ అనే రాయండి, హాయిగా ఉంటుంది. ఈ మధ్య ఒక మెషీన్ అనువాదంలో యీల్డ్ స్ట్రెంగ్త్‌ను ‘దిగుబడి బలం’ అని చూశాను. ఎకరాకు ఎన్ని బస్తాలో మరి!

జవాబు: స్ట్రెస్ అన్నా నాకు అభ్యంతరం లేదు, ఒత్తిడి అనకపోతే చాలు. యీల్డ్‌కు ‘లొంగడం’ బాగుంటుంది. ఉక్కు ఎంత బలానికి లొంగుతుందో అంతే. పైగా ఈ లొంగడం మీ నోట్సులో ఎలాగూ వస్తుంది. మార్పు జరుగుతున్నంతసేపూ ఉక్కు, మామూలుగా లొంగే హద్దుకు చాలా తక్కువ బలానికే శాశ్వతంగా సాగిపోతుంది. గ్రీన్‌వుడ్, జాన్సన్ అనే పరిశోధకులు 1965లో వివరించింది ఇదే. కొత్త ప్రావస్థ (ఫేజ్), అంటే మార్టెన్‌సైట్, ఉబ్బుతూ చుట్టూ ఉన్న మెత్తటి ఆస్టెనైట్‌ను లొంగదీస్తుంది. బయటి బలం చిన్నదైనా ఆ సాగుడుకు దిక్కు చూపిస్తుంది. సిమ్యులేషన్‌లో ఈ సాగుడును వదిలేస్తే గేరు వంకర లెక్కకు అందదు. వేడి, మార్పు, ప్రతిబలం మూడింటినీ అంచె అంచెకూ కలిపి లెక్కించాల్సిందే.

ప్రశ్న వేసినవారు: ఇప్పుడు ఇలా మార్చాను: "నాలుగువైపులా పీడనం ఉంటే మార్టెన్‌సైట్ ఆలస్యమవుతుంది; లాగే ప్రతిబలం ఉంటే ముందే మొదలవుతుంది." ఫేజ్‌కు మాత్రం ‘దశ’ అనేద్దామనుకుంటున్నా.

జవాబు: దశ వద్దండీ. అది తరంగాల పాఠంలో ఇప్పటికే ఉంది, పైగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చేదనిపిస్తుంది. గేరులో ఆస్టెనైట్, మార్టెన్‌సైట్ పక్కపక్కనే ఉంటాయి. ప్రావస్థ అనే రాయండి. ‘నాలుగువైపులా’ కూడా తీసేసి ‘అన్ని వైపులా సమానంగా’ అనండి, పైనా కిందా ఎవరు నొక్కుతారు?

ఇంకొకరు: మా తాతగారి కొలిమిలో ఈ ముంచడాన్నంతా ‘పదును పెట్టడం’ అనేవారు. క్వెంచింగ్‌కు ఆ మాట ఎందుకు వాడరు?

జవాబు: శీర్షికకు పెట్టండి, భేషుగ్గా ఉంటుంది. లోపల మాత్రం కష్టం. కత్తి అంచు నూరడమూ పదునే, దుక్కికి నేల తడి సరిపోవడమూ పదునే.