వైజాగ్ వదిలి భీమిలికి మారదామనుకుంటున్నా, అక్కడ ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

రుషికొండ_ఉద్యోగి:
అందరికీ నమస్తే. నా పని రుషికొండ ఐటీ కొండ మీద, ఉండేది ఎంవీపీ కాలనీలో. ఇంటి ఓనరు ఈ ఏడు రెండోసారి అద్దె పెంచుతానంటున్నాడు. మొన్న ఆదివారం భీమిలి వెళ్ళాం, మా ఆవిడకి ఊరు బాగా నచ్చేసింది. గంటస్తంభం, పాత పెంకుటిళ్ళు, బీచ్‌లో పెద్దగా జనం కూడా లేరు. ఎలాగూ ఆఫీసు అటువైపే కదా అని ఆలోచిస్తున్నాం. అమ్మ కూడా మాతోనే ఉంటుంది, ఆవిడకి 68. అక్కడ ఉంటున్నవాళ్ళు మంచీ చెడూ చెప్పండి. చిన్న మున్సిపాలిటీ కాబట్టి ఇంటి పన్నూ అవీ తక్కువ ఉంటాయని ఎవరో అన్నారు, నిజమేనా?

గంటస్తంభం_పక్కింటి:
ముందు ఆ మున్సిపాలిటీ సంగతి తేల్చేద్దాం. భీమిలికి ఇప్పుడు సొంత మున్సిపాలిటీ లేదండీ, మేం జీవీఎంసీలో, అంటే వైజాగ్ కార్పొరేషన్‌లో ఉన్నాం. 2021 మార్చిలో కార్పొరేషన్ ఎన్నికలు జరిగినప్పుడు ఆ 98 వార్డుల్లో మావీ ఉన్నాయి. 1861లో మున్సిపాలిటీ అయిన ఊరు ఇది, దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటి. మా తాతగారు వైజాగ్ వాళ్ళెవరైనా కనిపిస్తే ఈ మాట చెప్పకుండా వదిలేవారు కాదు. ఇప్పుడు మా వీధి దీపం వెలగకపోతే ఆ వైజాగ్ వాళ్ళకే ఫోన్ చెయ్యాలి. యాప్‌లో ఫిర్యాదు పెడితే 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది, దీపం మాత్రం రాదు. అందుకని ఊరు చిన్నది కాబట్టి పన్ను తక్కువ అనే లెక్క పెట్టుకోకండి. మీరు చూసిన ఇల్లు ఏ వార్డులో ఉందో కనుక్కుని, దాని పాత రసీదు ఒకటి చూపించమని అడగండి.

తగరపువలస72:
పన్ను సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఆదివారం చూసి ఊరు బాగుందనుకోకండి గురూ. మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి రండి. ఎండ, నిద్రపోతున్న బజారు, మూసేసిన కొట్లు. మాకదే ఇష్టం అనుకోండి. పెద్ద కొనుగోలు ఏదైనా ఉంటే భీమిలి జనం తగరపువలసే వస్తారు, హైవే మీద సెంటర్ మాదే.

రుషికొండ_ఉద్యోగి:
మాకు కావలసిందీ ఆ నిద్రే అన్నా. రోజూ బండి మీద బీచ్ రోడ్డులో వెళ్ళి రావడం ఎలా ఉంటుంది?

ఉప్పుగాలి:
నాలుగేళ్ళు అదే పని చేశాను కాబట్టి నేను చెప్తా. భీమిలి నుంచి రుషికొండ దాకా రోడ్డు అద్భుతం, అందులో అనుమానం లేదు, పొద్దున్న ఆరున్నరకి బయల్దేరితే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎర్రమట్టి దిబ్బలు, ముందుకెళ్తే తొట్లకొండ, మంగమారిపేట దగ్గర ఆ రాతి తోరణం, ఆఫీసుకి వెళ్తున్నట్టే ఉండదు. గొడవంతా తిరుగు ప్రయాణంలోనే. శని ఆదివారాల సాయంత్రం ఊరంతా కార్లేసుకుని ఈ రోడ్డు మీదకే వస్తుంది. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిది దాటితే ఉల్టా, దారిలో మనిషే ఉండడు. కుక్కలూ గేదెలూ రోడ్డుకి అడ్డం పడతాయి, కొన్ని చోట్ల లైట్లుండవు. వానాకాలంలో పక్కనుంచి గాలి కొడితే బండి పక్కకి లాగేస్తుంది.

బస్సంటే రెండు దార్లు. బీచ్ రోడ్డు మీద 900కే, ఆనందపురం, తగరపువలస మీదుగా 999. రైలు ఆశ పెట్టుకోవద్దు, ఈ ఊరికి రైలు లేదు, ఎప్పుడూ లేదు. రాత్రి ఆలస్యమయ్యే ఉద్యోగమైతే మాత్రం ఆఖరి బస్సు టైమ్ కనుక్కున్నాకే ఇల్లు చూడండి. ఒకసారి బస్సు తప్పిపోతే ఆటో అతను చెప్పిన రేటుకి నాకు ఏడుపొచ్చింది.

ఇంకో మాట, నా పేరు చూశారుగా. సముద్రానికి ఎదురుగా ఇల్లు తీసుకోవద్దు. తీసుకున్నా గదుల్లో సామాను మీద ఆశ వదులుకోండి. ఏసీ బయట పెట్టే డబ్బా రెండేళ్ళకే తుప్పు పట్టి రాలిపోయింది, మెకానిక్ దాన్ని వేలితో పొడిస్తే వేలు లోపలికి దిగింది. గేటు బిగుసుకుపోయింది, ఫ్యాన్లు కిర్రు కిర్రు. ఆరేసిన బట్టలకి ఆ జిగట పోదు. అదే ఊళ్ళో రెండు వీధులు వెనక్కి వెళ్తే సగం బాధ తగ్గుతుంది, అద్దె కూడా తగ్గుతుంది.

నెత్తళ్ళపులుసు:
అందరూ రోడ్డు గురించీ తుప్పు గురించే చెప్తున్నారు, చేపల సంగతి ఎవరూ ఎత్తలేదేటి!! మాది ఇక్కడి వేట కుటుంబమే. పొద్దున్న ఆరింటికి ఒడ్డుకి రండి. ఫైబర్ తెప్ప ఇంకా ఇసక ఎక్కకముందే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంటారు. వల విప్పుతుంటే చేపలు ఇసక మీద రాలతాయి. మా ఇసక కూడా నల్లగా మెరుస్తుంది, దానిమీద తెల్లటి నెత్తళ్ళు పడితే చూడాలి. కుప్పలు పోసి వేలం పాట పెడతారు. పాట వేగంగా పోతుంది, మీకు సగం అర్థం కాదు, మా పిన్ని కళ్ళతోనే పాడేస్తుంది. ఒక్క కిలో కావాలంటే పాటలోకి దిగొద్దు, కుప్ప పాడుకున్న ఆవిడ దగ్గర పక్కన నిలబడి అడిగితే ఇస్తుంది. కవళ్ళు, కానాగంతలు రోజూ ఉంటాయి, వంజరం, చందువ పడితే హోటళ్ళ వాళ్ళు ఎగరేసుకుపోతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మాత్రం రావొద్దు, 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. మాలో చాలామందికి ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం కష్టం. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేలకి పెంచారు, వచ్చినవాళ్ళకి వచ్చింది, పేర్లు లేనివాళ్ళు ఇంకా తిరుగుతున్నారు. ఆ రోజుల్లో బజార్లో 'తాజా చేప' అంటే ఒకసారి మొప్పలు ఎత్తి చూసుకోండి.

గంటస్తంభం_పక్కింటి:
పిన్ని పాట నేనూ విన్నా, ఆవిడతో బేరం ఆడకూడదు 😀

రాళ్ళమాస్టారు:
భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త ఎక్కువ రాస్తే క్షమించాలి. ఈ ఊరు ఎందుకిలా నిద్రపోతోందో కూడా చెప్పాలిగా. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే ఇక్కడ దిగి వ్యాపారం పెట్టారు, 1824 ఒప్పందం తర్వాత 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. ఆ డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలు గోడెక్కి క్రికెట్ చూస్తుంటారు. అప్పట్లో ఓడలు దూరంగా లంగరేస్తే పడవల మీద సరుకు ఒడ్డుకీ ఓడకీ మోసేవారు. రైలు మార్గం విజయనగరం, కొత్తవలస మీదుగా పోయింది, ఊరికి ఒక దెబ్బ. 1933లో విశాఖ హార్బర్ తెరిచారు, అది రెండో దెబ్బ. ఓడలు నేరుగా గట్టుకి ఆనుకుని నిలబడే చోటు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటే, అలల్లో పడవలేసుకుని సరుకు మోసే చోటుకి ఎవరొస్తారు? దీపస్తంభం మిగిలింది, గోదాములు కూలిపోయాయి. ఆ రెండు దెబ్బలూ తగలకపోతే మీరు చూసిన పెంకుటిళ్ళు ఏనాడో అపార్టుమెంట్లయ్యేవి.

గోస్తనీ నది సంగతి ఇంకా విడ్డూరం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలు దాటి, మా ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో తాటిపూడి జలాశయం నుంచి ఆ నీళ్ళు వైజాగ్ నగరానికి వెళ్తాయి. నది మాది, కుళాయి వాళ్ళది. వేసవిలో ఇక్కడ నదీ ముఖం ఇసక మేటేసి చెరువులా నిలబడిపోతుంది. అందుకే ఇల్లు చూసేటప్పుడు నీళ్ళ గురించి తప్పకుండా అడగండి. ఒడ్డుకి దగ్గర బోర్లలో ఉప్పు తగులుతుంది, ఒక గ్లాసు తాగి చూడండి.

లింకుడాక్యుమెంట్:
అద్దెకైతే సరే. కానీ అద్దెకొచ్చినవాళ్ళు ఆరు నెలల్లో 'ఇక్కడే ఒక స్థలం కొనేద్దాం' అంటారు, నేనూ అలాగే అన్నాను. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఈ చుట్టుపక్కల రాయి పాతిన ప్రతి చోటూ లేఅవుట్ అంటున్నారు. నాకు చూపించిన స్థలంలో అంతా బాగుంది, గేటు, కొబ్బరి మొక్కలు, వినాయకుడి గుడి కూడా. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే శుభ్రంగా ఉంది. అడ్వాన్సు ఇచ్చేశాను. తర్వాత తెలిసినాయన చెప్తే సర్వే నంబరు పట్టుకుని వెళ్ళి చూసుకున్నాం, సగం స్థలం 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉంది. ఈసీలో అది కనపడదు, ఈసీ అంటే జరిగిన రిజిస్ట్రేషన్లు చూపిస్తుందంతే. అడ్వాన్సులో సగం తిరిగొచ్చింది, మిగతా సగం ఇస్తానన్న మనిషి ఇప్పుడు నా నంబర్ బ్లాక్ చేశాడు.

కాబట్టి: వీఎంఆర్‌డీఏ (ఇక్కడి పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చే ఎల్‌పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్ అడగండి, 22ఏ చూడండి, సముద్రానికి దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాల మీద ఆంక్షలుండే ప్రాంతం) మ్యాపులో మీ సర్వే నంబర్ ఎక్కడ పడుతుందో చూడండి. 'అందరూ కట్టేశారు సార్' అనే మాటకి విలువ లేదు. 2024లో ఇక్కడే బీచ్‌లో కట్టిన కాంక్రీటు గోడని హైకోర్టు ఆదేశాలతో కూల్చారు, పెద్దవాళ్ళదే నిలబడలేదు, మనదెంత.

రాళ్ళమాస్టారు:
ఎర్రమట్టి దిబ్బల పక్కన స్థలం అని ఎవరైనా చూపిస్తే మరీ జాగ్రత్త. ఆ దిబ్బలు వేల ఏళ్ళ నాడు సముద్రమట్టం కిందికి వెళ్ళినప్పుడు గాలి మోసుకొచ్చిన ఇసక. ఇనుము తుప్పు వల్ల ఆ ఎరుపు వచ్చింది. దక్షిణాసియాలో ఇలాంటివి మరి తమిళనాడు తేరి ఇసకల్లోనూ శ్రీలంకలోనూ తప్ప లేవు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా పెట్టారు. 2024లో అక్కడ పొక్లెయిన్లు దిగాయని పెద్ద గొడవైంది. మా విద్యార్థుల్ని ఏటా తీసుకెళ్ళేవాణ్ణి, ఒకసారి వెళ్ళిన చోటు మర్నాడు వానకి గుర్తుపట్టలేనంత మారిపోయేది, మట్టి అంత వదులు. దాని మీద ఇల్లెలా కడతారయ్యా?

తగరపువలస72:
అమ్మగారికి 68 అన్నారు కదా, ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు. పోయినేడు మా నాన్నకి రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పి వచ్చింది. 108 బాగానే వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీలో ఉన్న కుర్రాడు ఈసీజీ తీసి, ఇక్కడ కాదు, వైజాగ్ తీసుకెళ్ళండి అన్నాడు. అప్పటికే అరగంట పోయింది. హైవే ఖాళీగా ఉంది కాబట్టి బతికాడు. సంగివలస దగ్గర మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, పగటిపూట ఓపీకి అదే మా దిక్కు. గుండెకి సంబంధించిన మందులు వాడుతుంటే మాత్రం మీరు ఆలోచించుకోవాలి.

రుషికొండ_ఉద్యోగి:
అమ్మకి బీపీ ఉంది, గుండె బాగానే ఉంది. అయినా ఇది మేం అసలు ఆలోచించని విషయం. తుపాన్లప్పుడు ఎలా?

ఉప్పుగాలి:
హుద్‌హుద్ చూశాం, 2014 అక్టోబర్ 12. పొద్దున్న నుంచి గాలి, మధ్యాహ్నానికి కిటికీ చెక్కకి నేనూ మా బావమరిదీ వీపు ఆనించి కూర్చున్నాం. మధ్యలో ఒక్కసారి గాలి ఆగిపోయింది, అయిపోయిందనుకుని మా పక్కింటాయన బండి ఏమైందో చూడ్డానికి బయటికొచ్చాడు, మళ్ళీ అవతలి వైపు నుంచి మొదలైంది. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. నూతులున్న ఇళ్ళవాళ్ళే ఊరికి నీళ్ళు పోశారు. ఇల్లు చూసినప్పుడు నుయ్యి ఉందా అని అడగండి, నవ్వినా ఫర్వాలేదు.

నెత్తళ్ళపులుసు:
తుపానొస్తాదంటే మా వాళ్ళు ముందే తెప్పలు పైకి లాగేస్తారు. ఒడ్డున తెప్పలు కనపడకపోతే టీవీ చూడక్కర్లేదు.

గోస్తనీ దగ్గర మాత్రం స్నానానికి దిగొద్దు అన్నా. ఏరూ సముద్రమూ కలిసే చోట పైకి నిదానంగా ఉంటాది, అడుగున లాగేస్తాది. ప్రతి ఏడూ బయటూరి పిల్లలే. మేం దూకి తీస్తాం, అన్నిసార్లూ దొరకరు.

గంటస్తంభం_పక్కింటి:
ఇన్ని భయపెట్టాక ఒక మంచి మాట. మాకు పైన రెండు గదుల వాటా ఖాళీగా ఉంది, పెంకుటిల్లు కాదు, శ్లాబే, సముద్రానికి మూడు వీధులు. నుయ్యి ఉంది. నీళ్ళు తియ్యగానే ఉంటాయి, మాస్టారు తాగి చూశారు. తెలిసినవాళ్ళకే ఇస్తున్నాం, ఈ చర్చలో ఇన్ని మాట్లాడుకున్నాక మీరు తెలిసినవాళ్ళే కదా. మెసేజ్ పెట్టండి. అమ్మగారిని తప్పకుండా తీసుకురండి, మెట్లు కాస్త నిటారు, ఆవిడ ఎక్కగలరో లేదో చూసుకోవాలి.

రుషికొండ_ఉద్యోగి:
మెసేజ్ పెట్టానండీ. మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి వస్తున్నాం.

తగరపువలస72:
గొడుగు తెచ్చుకోండి.